సైకిలు బాటలు - ప్రజల ఆరోగ్యము

సైకిలు నెరుగనివారు మన దేశమున అరుదు. తెల్లవారకమునుపే పాలబిందెలు తగిలించుకొని వచ్చు పాలవానికి, జాబులు పంచు తపాలా బంట్రోతునకు, ప్రక్క ఊరి ఉన్నత పాఠశాలకు పోవు విద్యార్థికి అదియే వాహనము. 2011 సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున నూటికి 45 ఇండ్లలో సైకిలు ఉండెను. అయినను, చేతిలో నాలుగు డబ్బులు ఆడగనే సైకిలును చావడిలో పారవేసి మోటారు బండి కొనుట మన వాడుక. సైకిలు బీదవాని బండి యనియే గాని, అది ఆరోగ్యమునకు సాధనమని తలచువారు కొలదిమంది.

ఇచట ఒక ప్రశ్న కలదు. ఒక పట్టణమున సైకిళ్ళకు ప్రత్యేకముగా బాట వేసినచో, ఆ పట్టణవాసులు మునుపటికంటె ఎక్కువగా శరీరశ్రమ చేయుదురా? చేసినచో వారి ఆరోగ్యము బాగుపడునా? వినుటకు ఇది చాల సులభమైన ప్రశ్న. బాట వేసి చూచిన తెలియదా యని ఎవరైనను అందురు. కాని దీనికి నమ్మదగిన జవాబు దొరకుటకు సుమారు అరువది సంవత్సరములు పట్టినది. ఆ అరువది సంవత్సరముల కథలో బస్సు మెట్లు, కండక్టర్ల నడుము కొలతలు, రోడ్లపై మరణించిన చిన్నపిల్లలు, పెట్రోలు కరవు, ఏటిమీద వంతెనలు అన్నియు వచ్చును.

బస్సు మెట్లపై తేలిన సత్యము

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత ఇంగ్లండులో గుండెపోటు మరణములు నానాటికి పెరుగుచుండెను. కారణము ఎవరికిని స్పష్టముగా తెలియకుండెను. జెరెమీ మోరిస్ అను వైద్యశాస్త్రజ్ఞుడు మనుష్యుల వృత్తులకును గుండెజబ్బునకును సంబంధము కలదేమో యని విచారింప నారంభించెను. అందుకు ఆయన ఎన్నుకొన్నది లండను నగరపు రెండంతస్తుల బస్సులను.

ఆ ఎన్నిక ఎంత తెలివైనదో చూడుడు. ఒక్కొక్క బస్సులో ఇద్దరు పనివారు ఉందురు. ఒకడు డ్రైవరు, పని వేళలో నూటికి తొంబది పాళ్ళు కూర్చుండియే యుండును. రెండవవాడు కండక్టరు, టిక్కెట్లు ఇచ్చుటకై మేడమీదికి, క్రిందికి ఎక్కుచు దిగుచు దినమునకు 500 మొదలు 750 మెట్ల వరకు ఎక్కును. ఇద్దరును ఒకే సంస్థవారు. ఒకే బస్సులో, ఒకే వీథులలో, ఒకే పొగలో తిరుగుదురు. పనిలోని శ్రమ మాత్రము వేరు.

35 మొదలు 64 సంవత్సరముల వయస్సు గల సుమారు 31 వేలమంది పురుషుల లెక్కలను మోరిస్, ఆయన సహచరులు పరిశీలించి, ఫలితములను 1953వ సంవత్సరమున లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. సంవత్సరమునకు వేయిమంది డ్రైవర్లలో 2.7 మందికి గుండెజబ్బు వచ్చుచుండగా, కండక్టర్లలో వేయికి 1.9 మందికి మాత్రమే వచ్చుచుండెను. వచ్చినను, వెంటనే మరణించుట కండక్టర్లలో చాల తక్కువగా ఉండెను. తపాలాశాఖలో పరిశీలింపగా అచటను ఇదే తీరు కనబడినది. నడచియు సైకిలు త్రొక్కియు ఉత్తరములు పంచువారికంటె, బల్లల వద్ద కూర్చుండి వ్రాతపని చేయువారికి గుండెజబ్బు హెచ్చు.

శరీరశ్రమకును గుండె ఆరోగ్యమునకును గల సంబంధము అంకెలతో నిరూపింపబడుట కిది నాంది యని చెప్పవచ్చును.

నడుము కొలతలు లేవనెత్తిన సందేహము

మంచి శాస్త్రజ్ఞుడు తన సిద్ధాంతమును తానే మొదట అనుమానించును. మోరిస్ బృందమునకు ఒక శంక కలిగెను. మెట్లు ఎక్కుటచేత కండక్టర్లు ఆరోగ్యముగా ఉన్నారా? లేక మొదటినుండి ఆరోగ్యముగా, చురుకుగా ఉన్నవారే కండక్టరు పనిలో చేరుచున్నారా?

ఈ శంకను తీర్చుకొనుటకు వారు చేసిన ఉపాయము వినుటకు వింతగా ఉండును. బస్సు సంస్థ తన పనివారికి దుస్తులు కుట్టించి యిచ్చును గనుక, ఒక్కొక్కని నడుము కొలత లెక్కలలో వ్రాసి యుండెను. ఆ దర్జీ లెక్కలను తెప్పించి చూడగా, డ్రైవర్ల నడుములు కండక్టర్ల నడుములకంటె లావుగా నుండినవి. పడుచు వయస్సున ఉన్నవారిలో సైతము ఈ భేదము కనబడినది! అనగా కొంత భేదము ఉద్యోగమునకు ముందే కలదన్నమాట. ఈ సంగతిని దాచక వారు 1956లో ప్రకటించిరి. తమ తొలి వాదమునకు ఇది కొంత బలహీనత కలిగించునని వారెరుగుదురు. కాని లోతుగా చూడగా మరియొక విషయము కూడ తేలినది. సన్ననివారిని సన్ననివారితో, లావుపాటివారిని లావుపాటివారితో పోల్చినప్పుడు సైతము, డ్రైవర్లకే హఠాన్మరణములు ఎక్కువగా ఉండెను. కావున శ్రమవలని మేలు వట్టి నడుము కొలతతో తీరిపోవునది కాదు.

ఈ కథను ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. దర్జీ లెక్కలు లేవనెత్తిన ఆ సందేహమే సైకిలు బాటల విషయమునను అడుగడుగున ఎదురగును. బాట ప్రక్కన నివసించువారు ఎక్కువగా సైకిలు త్రొక్కుచున్నారనిన, బాట వారిని మార్చినదా, లేక సైకిలు నిష్టపడువారే వెదకుకొని వచ్చి బాట ప్రక్కన కాపురము పెట్టిరా? ఈ చిక్కు విప్పనిదే బాటవలన ఆరోగ్యము కలిగినదని చెప్పుట తగదు.

మోరిస్ అంతటితో ఊరకుండలేదు. ప్రభుత్వ కార్యాలయములలో బల్లపని చేయు ఉద్యోగులు తీరిక వేళలలో ఏమి చేయుదురో ఆయన విచారించెను. 9 వేలకు పైగా ఉద్యోగులను పరిశీలించి 1990లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, తరచుగా కష్టమైన ఆటలాడువారికి, సైకిలు బాగుగా త్రొక్కువారికి, మిక్కిలి వడిగా నడచువారికి వచ్చిన గుండెజబ్బు ఇతరులకు వచ్చినదానిలో సగముకంటె తక్కువ. ఆరోగ్యము కొరకు సంఘము చేయగల వ్యయములన్నిటిలోను వ్యాయామమే చవుక బేరమని ఆయన తుదివరకు వాదించెను. 2009లో ఆయన మరణించునప్పటికి ఆయన వయస్సు 99 సంవత్సరములు.

కండరము చేయు మేలు

శ్రమ గుండెను ఎట్లు కాపాడును? సైకిలు త్రొక్కునప్పుడు తొడలలోని పెద్ద కండరములు పనిచేయును. వానికి ప్రాణవాయువు ఎక్కువగా కావలెను. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరము కిలోగ్రాము బరువునకు నిమిషమునకు సుమారు 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకొనును. మెల్లగా సైకిలు త్రొక్కునప్పుడు ఇది నాలుగు రెట్లగును. పనికి పోవువాడు వడిగా త్రొక్కినచో ఆరు, ఏడు రెట్లగును. ఈ అవసరము తీర్చుటకై గుండె ఎక్కువ రక్తమును తోడవలెను. దినదినము ఇట్లు చేయగా గుండె ఒక్కొక్క స్పందనములో ఎక్కువ రక్తమును పంపనేర్చును. విశ్రాంతి వేళ నాడి నెమ్మదించును. రక్తము వడిగా ప్రవహించుటచే రక్తనాళముల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడును ఉత్పత్తి చేయును. దానివలన నాళములు వ్యాకోచించి రక్తపుపోటు తగ్గును. పనిచేయు కండరము రక్తములోని చక్కెరను సులభముగా లోనికి గ్రహించును గనుక మధుమేహము వచ్చు అవకాశము తగ్గును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సలహా ప్రకారము, పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు, వీలైనచో 300 నిమిషములు, ఒక మోస్తరు శ్రమ చేయవలెను. దీనికై వ్యాయామశాలకు పోనక్కరలేదు. ఆఫీసునకు సైకిలుమీద పదునైదు నిమిషములలో పోయి, పదునైదు నిమిషములలో తిరిగి వచ్చువాడు వారమునకు అయిదు దినములలో 150 నిమిషములు పూర్తిచేయును. అతడు దానిని వ్యాయామమని అనుకొనడు. పనికి పోయి వచ్చితి ననుకొనును. వైద్యులు సైకిలును మెచ్చుకొనుటకు రహస్య మిదియే. ఉత్సాహము తగ్గగనే మానివేయు వ్యాయామము వేరు. జీతము కొరకు దినదినము చేయక తప్పని ప్రయాణము వేరు.

2000వ సంవత్సరమున డెన్మార్కు శాస్త్రజ్ఞులు కోపెన్‌హాగెను ప్రాంతమున 30 వేలకు పైగా స్త్రీపురుషులను సగటున 14 సంవత్సరములకు పైగా గమనించి ఒక ఫలితమును ప్రకటించిరి. పనికి సైకిలుపై పోవువారితో పోల్చగా, అట్లు పోనివారిలో మరణముల రేటు నూటికి 39 పాళ్ళు అధికము. తీరిక వేళ చేయు వ్యాయామమును, పొగత్రాగుట మున్నగు ఇతర కారణములను లెక్కకు తీసుకొన్న తరువాత మిగిలిన భేద మిది. అయినను నడుము కొలతల శంక పూర్తిగా తొలగలేదు. ఆరోగ్యవంతులే సైకిలు ఎక్కుచుండవచ్చును గదా! ఆ శంక తీరవలెనన్న మనుష్యులను గాక, బాటలనే పరీక్షింపవలెను.

తొలి బాటలు

సైకిలు బాటలు కొత్తవి కావు. కోపెన్‌హాగెనులో మొదటి సైకిలు బాట 1892లోనే వేయబడినది. ఇంగ్లండులో 1934 డిసెంబరు నెలలో లండను పడమటి దిక్కున వెస్టరన్ ఎవెన్యూ అను రహదారి వెంబడి రవాణామంత్రి హోర్ బెలీషా ఒక సైకిలు బాటను ప్రారంభించెను. దాని పొడవు రెండున్నర మైళ్ళు, వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. వింత యేమనగా, సైకిలువారి సంఘమే దీనిని గట్టిగా వ్యతిరేకించినది. బాట పేరు చెప్పి తమను పెద్ద రోడ్డునుండి వెడలగొట్టుదురని వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. నాటి అధికారులలో పలువురికి సైకిలువారి ప్రాణముల మీదికంటె మోటార్ల వేగము మీదనే శ్రద్ధ ఎక్కువ.

యుద్ధానంతరము లండనునకు ఉత్తరమున స్టీవెనేజ్ అను కొత్త పట్టణము నిర్మింపబడినది. దాని ఇంజనీరు ఎరిక్ క్లాక్స్టన్ స్వయముగా సైకిలు త్రొక్కువాడు. ఆయన పట్టణమంతటను ప్రత్యేకమైన సైకిలు బాటలు వేయించెను. కూడలులలో మోటార్లకు పైన, సైకిళ్ళకు క్రింద దారులు ఏర్పరచెను. సైకిలువాడు ఎచటను ఆగనక్కరలేదు, మోటారుకు ఎదురుపడనక్కరలేదు. ఇంతకంటె చక్కని ఏర్పాటు ఆనాడు ఇంగ్లండులో మరియొకటి లేదు.

ఫలితమేమి? కాలము గడచిన కొలది స్టీవెనేజ్ ప్రజలు సైకిళ్ళు వదలి కార్లు ఎక్కిరి. నేటికిని ఆ పట్టణమున పనికి సైకిలుపై పోవువారు దేశపు సగటుకు దగ్గరగానే ఉన్నారు. కారణము కనుగొనుట కష్టము కాదు. క్లాక్స్టన్ సైకిళ్ళకు చక్కని దారులు వేసెను. కాని అదే పట్టణమున కార్లకు అంతకంటె చక్కని దారులు వేయబడినవి. రద్దీ లేదు, బండి నిలుపుటకు చోటు కరవు లేదు. రెండును సులభమైనప్పుడు మనుష్యుడు శ్రమలేని దానినే ఎన్నుకొనును. బాట ఒక్కటి చాలదని స్టీవెనేజ్ నేర్పిన పాఠము.

హాలెండు నేర్చిన విధము

నేడు హాలెండు పేరు చెప్పగనే సైకిళ్ళు జ్ఞప్తికి వచ్చును. అచటి ప్రజలు పుట్టుకతోనే సైకిలు ప్రియులని, ఆ దేశము బల్లపరుపుగా ఉండుటయే దానికి కారణమని అనుకొనుట కలదు. ఇది సగమే నిజము. 1950 తరువాతి ఇరువది సంవత్సరములలో హాలెండులోను ప్రజలు సైకిళ్ళు విడిచి కార్లు కొనిరి. పాత వీథులు కార్లకై వెడల్పు చేయబడినవి. 1971లో ఆ చిన్న దేశమున 3 వేలకు పైగా మనుష్యులు రోడ్డు ప్రమాదములలో మరణించిరి. అందులో 400 మందికి పైగా పిల్లలు.

ఆ పిల్లలలో విక్ లాంగెన్‌హాఫ్ అను పత్రికారచయిత కుమార్తె ఒకతె. ఆయన కడుపుకోతతో 1972లో వ్రాసిన వ్యాసమునకు పెట్టిన శీర్షికకు 'పిల్లల హత్యను ఆపుడు' అని అర్థము. అదే పేరుతో తల్లిదండ్రుల ఉద్యమము లేచినది. తల్లులు పిల్లలతో వచ్చి వీథులలో కూర్చుండిరి. మరుసటి సంవత్సరమే అరబ్బు దేశములు చమురు సరఫరా ఆపగా, 1973 నవంబరు 4వ తేదీ మొదలు 1974 జనవరి 6వ తేదీ వరకు ఆదివారములలో కార్లు నడపరాదని డచ్చి ప్రభుత్వము శాసించినది. ఖాళీ రహదారులపై పిల్లలు, వృద్ధులు సైకిళ్ళతో తిరుగుట జనులు కన్నులార చూచిరి. బిడ్డల దుఃఖము, పెట్రోలు కరవు రెండును కలిసి ప్రభుత్వము మనస్సు మార్చినవి.

అయినను డచ్చివారు ఆవేశముతో ధనము వెదజల్లలేదు. ముందుగా పరీక్షించి చూచిరి. 1975 తరువాత టిల్బర్గు, హేగు నగరములలో ఒక్కొక్క మంచి సైకిలు బాటను ప్రయోగముగా వేసిరి. లెక్క పెట్టగా, ఆ బాటలపై సైకిళ్ళు బాగుగా పెరిగినవి; కాని పెరిగినవానిలో పెక్కు ప్రక్క వీథులనుండి మరలివచ్చినవే! మొత్తము మీద సైకిలు ఎక్కువారి సంఖ్య అంతగా పెరుగలేదు. ఇంటినుండి బాట వరకు, బాటనుండి బడి వరకు దారి అపాయకరముగా ఉండగా నడుమ ఒక్క బాట బాగుండిన నేమి ప్రయోజనము? పంట కాలువ త్రవ్వి, పొలమునకు బోదె తీయకున్న నీరు పారునా?

ఈ అనుభవముచే తరువాతి ప్రయోగము డెల్ఫ్టు పట్టణమున వేరు విధముగా జరిగినది. అచట ఒక బాట గాక, బాటల వల అల్లబడినది. పట్టణమును దాటించు పెద్ద బాటలు, పేటలను కలుపు నడిమి బాటలు, ఇండ్ల వద్దకు వచ్చు చిన్న బాటలు అను మూడు అంతరువులు ఏర్పరచి, తెగిన చోట్లను వంతెనలతోను సొరంగములతోను అతికిరి. ఈసారి పట్టణములో మొత్తము సైకిలు ప్రయాణములే పెరిగినవి. పెరుగుదల బ్రహ్మాండమైనది కాదు, కాని నిజమైనది. ఈ మార్గముననే దేశమంతట బాటలు వేయగా, నేడు హాలెండులో ప్రయాణములలో నాల్గవ వంతునకు పైగా సైకిలుమీదనే జరుగుచున్నవి. రోడ్డుపై మరణించు పిల్లల సంఖ్య 2010 నాటికి సంవత్సరమునకు ఇరువదికి లోపునకు దిగినది. ఇందులో మంచి చికిత్స, వేగ నియమములు మున్నగువాని పాలు కూడ కలదు. సైకిలు త్రొక్కుటవలన ఆ దేశమున సంవత్సరమునకు 6,500 మరణములు తప్పుచున్నవనియు, సగటు ఆయుర్దాయము అర్ధ సంవత్సరము పెరిగినదనియు 2015లో ప్రకటింపబడిన ఒక గణన చెప్పుచున్నది.

బాటకు ముందు, బాటకు తరువాత

ఔషధమును పరీక్షింపవలెనన్న రోగులను చీట్లు వేసి రెండు గుంపులు చేయుదురు. ఊళ్ళకు బాటలు అట్లు చీట్లు వేసి పంచుట సాధ్యము కాదు. అట్టి చోట శాస్త్రజ్ఞులు సహజ ప్రయోగమును ఆశ్రయింతురు. ఎవరో తమ కారణములకై ఒక మార్పు చేయుదురు. ఆ మార్పునకు ముందు, తరువాత కొలతలు తీసుకొని, మార్పు తగిలినవారిని తగులనివారితో పోల్చుట శాస్త్రజ్ఞుని పని. లండనులో 1854లో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో వేర్వేరు నీటి కంపెనీలనుండి నీరు పొందు ఇండ్లను పోల్చుట ఇట్టిదే.

బ్రిటనులో 2007లో లాటరీ నిధినుండి 5 కోట్ల పౌనులు ప్రజల ఓటు ద్వారా లభింపగా, పలు ఊళ్ళలో నడకకు, సైకిళ్ళకు దారులు వేయు పథకము మొదలైనది. అందులో మూడు చోట్లను శాస్త్రజ్ఞులు ఎన్నుకొనిరి. కార్డిఫ్ నగరమున నీటిపై మోటార్లు పోని వంతెన. కెనిల్‌వర్తులో పెద్ద రహదారిని దాటించు వంతెన. సౌతాంప్టనులో ఏటి ఒడ్డున ఉన్న కాలిబాటకు బదులు పలకల దారి. పని జరుగుటకు ముందు, 2010లో, చుట్టుప్రక్కల నివసించు 3,516 మందినుండి వివరములు సేకరించిరి. తరువాత 2011లోను, 2012లోను అదే మనుష్యులను తిరిగి ప్రశ్నించిరి. ఇంటినుండి కొత్త దారికి గల దూరమే వారి కొలబద్ద. బాట వలననే మార్పు కలిగినచో, దగ్గరివారిలో ఎక్కువగా, దూరపువారిలో తక్కువగా కనబడవలెను గదా.

మొదటి సంవత్సరము చివర చూడగా మార్పు ఏమియు కనబడలేదు. అచటితో ఆపివేసి యుండినచో, బాటలు వ్యర్థమను తీర్పు వచ్చి యుండెడిది. రెండవ సంవత్సరము చివర ఫలితము వేరుగా ఉండెను. ఇల్లు ఒక కిలోమీటరు దగ్గరైన కొలది, వారమునకు నడకలోను సైకిలుపైనను గడపు కాలము 15.3 నిమిషములు హెచ్చినది. మొత్తము శరీరశ్రమ సైతము 12.5 నిమిషములు హెచ్చినది. ఈ రెండవ అంకె మిక్కిలి ముఖ్యము. బాటపై తిరిగినవారు ఆ మేరకు ఇతర వ్యాయామము మానివేసియుండినచో మొత్తము పెరుగదు. మొత్తము పెరిగినది గనుక, ఇది నిజముగా అదనపు శ్రమయే. కారు లేని కుటుంబములలో ఈ మేలు మరింత ఎక్కువగా కనబడినది. ఒక మనిషికి వారమునకు 12 నిమిషములు స్వల్పమే. కాని పట్టణవాసుల నందరిని కలిపి లెక్కించిన అది స్వల్పము కాదు.

రెండు సంవత్సరములు ఏల పట్టెను? మనుష్యుల అలవాటు యంత్రము వలె మీట నొక్కగానే మారదు. బాట ఉన్నదని తెలియవలెను. ఒకనాడు సరదాగా పోయి చూడవలెను. పొరుగువాడు పోవుట గమనింపవలెను. మూలనున్న సైకిలుకు గొట్టము, బ్రేకు బాగుచేయింపవలెను.

అన్ని పరీక్షలు ఒకే రీతి ఫలితము నీయలేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున 2.4 కిలోమీటర్ల చిన్న బాటపై సైకిళ్ళు పెరిగినను, ఆ పేటవారు సైకిలు త్రొక్కుట మొత్తముమీద పెరిగినట్లు ఒక సంవత్సరములో తేలలేదు. టిల్బర్గు పాఠమే మరల వినబడినది. మూడు ఊళ్ళ పరీక్షలోను ఒక లోపము బయటపడినది: కొత్త దారులను ఎక్కువగా వాడినవారు అంతకుమునుపే చురుకుగా తిరుగువారు, చదువుకొన్నవారు. కాని కేంబ్రిడ్జి నగరమున 2011లో ప్రత్యేక బస్సు మార్గము వెంబడి వేసిన పొడవైన సైకిలు దారి వేరు కథ చెప్పినది. ఆ దారికి దగ్గరివారిలో పనికి సైకిలుపై పోవు కాలము పెరుగు అవకాశము హెచ్చినది. మొదట మిక్కిలి తక్కువగా కదలువారిలోనే నడక, సైకిలు కలిసిన మొత్తము ఎక్కువగా పెరిగినది. ఔషధము అవసరమైన వానికే అందినట్లు.

స్పెయిను దేశమున సెవిల్ నగరముది విశేషమైన అనుభవము. అచట సైకిలు ఎక్కువారు మిక్కిలి అరుదు. నూటికి ఒక ప్రయాణము కూడ సైకిలుమీద జరుగకుండెను. 2006 తరువాత కొద్దికాలముననే సుమారు 80 కిలోమీటర్ల బాటల వల ఒకేసారి వేయబడి, 2010 నాటికి 120 కిలోమీటర్లయినది. సైకిలు ప్రయాణములు అయిదు రెట్లకు పైగా పెరిగినవి. ఈ మార్పును లెక్కకట్టి లోకమునకు తెలిపినవారిలో రికార్డో మార్కెస్ అను భౌతికశాస్త్ర ఆచార్యుడు ముఖ్యుడు. ఎండ మిక్కుటమైన ఊరిలో సైకిలు చెల్లదను వాదమునకు సెవిల్ మంచి సమాధానము; అచట వేసవిలో ఉష్ణము 40 డిగ్రీలు దాటుట సామాన్యము.

2020లో కోవిడు మహమ్మారి వచ్చినప్పుడు యూరపు నగరములు రాత్రికి రాత్రి రంగు గీతలు, దిమ్మెలు పెట్టి తాత్కాలికపు బాటలు ఏర్పరచినవి. 106 నగరములలో 736 లెక్కింపు యంత్రములు చూపిన అంకెలను ఇద్దరు శాస్త్రజ్ఞులు పరిశీలించి 2021లో ప్రకటించిరి. ఇట్టి బాటలు వేసిన నగరములలో సైకిలు వాడుక నూటికి 11 మొదలు 48 పాళ్ళ వరకు పెరిగినది.

లాభనష్టముల తక్కెడ

ఇంతవరకు లాభమే చెప్పబడినది. నష్టము లేదా? సైకిలు త్రొక్కువాడు గట్టిగా ఊపిరి పీల్చును గనుక పొగ ఎక్కువగా లోనికి పోవును. కారులో ఉన్నవానికి ఇనుప కవచము కలదు, సైకిలువానికి లేదు. హాలెండు శాస్త్రజ్ఞులు 2010లో ఈ తక్కెడను తూచి చూచిరి. కారు విడిచి సైకిలు ఎక్కినవానికి శ్రమవలన 3 మొదలు 14 నెలల ఆయుస్సు పెరుగును, పొగవలన 0.8 మొదలు 40 దినములు, ప్రమాదములవలన 5 మొదలు 9 దినములు తగ్గును. లాభమువైపే తక్కెడ మొగ్గినది.

కాని హాలెండు గాలి, రోడ్లు వేరు, మనవి వేరు. గాలిలోని సన్నని ధూళికణములు ఘనమీటరునకు 100 మైక్రోగ్రాములు ఉన్న చోట, దినమునకు ఒకటిన్నర గంట సైకిలు త్రొక్కువరకు లాభమే యనియు, అంతకు మించిన నష్టము మిక్కుటమగుననియు 2016లో ప్రకటింపబడిన గణన వలన తేలినది. ఉత్తర హిందూస్థానపు నగరములలో శీతకాలమున ధూళి ఇంతకు మించుట కలదు. ఇక ప్రమాదముల సంగతి. కోపెన్‌హాగెనులో బాటలు వేసిన వీథులలో సైకిళ్ళు నూటికి సుమారు 20 పాళ్ళు పెరిగి, మోటార్లు సుమారు 10 పాళ్ళు తగ్గినవి. కాని కూడలులలో ప్రమాదములు కొంత పెరిగినట్లు 2008లో ప్రకటింపబడిన పరిశీలనము తెలిపినది. బాట తిన్నగా సాగు చోట రక్షణ కలదు. అది తెగి మోటార్లతో కలియు చోటనే గండము. కావున మంచి బాటను దాని కూడలులే నిర్ణయించును.

మన నగరములు

2014లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి పరిశీలనలో, నాలుగు ప్రాంతములలో 14 వేలమందిని ప్రశ్నింపగా, సగముకంటె ఎక్కువమంది చాలినంత శరీరశ్రమ చేయనివారని తేలినది. మధుమేహము, గుండెజబ్బు మన ఇండ్లలో సామాన్యమైన మాటలైనవి. మరియొక ప్రక్క, 2011 లెక్కలలో మన దేశమున పనికి పోవువారిలో నూటికి సుమారు 13 మంది సైకిలుమీద పోవుచుండిరి. అనగా యూరపు నగరములు కోట్లు వెచ్చించి తిరిగి తెచ్చుకొనుచున్న అలవాటు మనకు ఇంకను పూర్తిగా పోలేదు. వారికి బాటలు కొత్త సైకిలువారిని తయారుచేయుటకు కావలెను. మనకు మొదట ఉన్న సైకిలువారి ప్రాణములు కాపాడుటకు కావలెను.

హైదరాబాదులో 2023 అక్టోబరు 1వ తేదీన బాహ్య వలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభింపబడినది. దానికి సూర్యశక్తినుండి విద్యుత్తు తీయు పలకలే పైకప్పు. ఎండకు నీడ, నీడనుండి విద్యుత్తు; ఇది మెచ్చదగిన ఆలోచనయే. పైన చెప్పిన చరిత్ర దానిముందు కొన్ని ప్రశ్నలు ఉంచుచున్నది. అది ఇండ్లను, బడులను, పనిచేయు చోట్లను కలుపుచున్నదా? సెలవునాటి విహారమునకే గాక, దినదినపు ప్రయాణమునకు పనికివచ్చుచున్నదా? ముందు, తరువాత కొలతలు తీయబడుచున్నవా?

ఈ కొలతలకు గొప్ప యంత్రములు అక్కరలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థులు బడిముందు కూడలిలో నిలిచి, గంటకు ఎన్ని సైకిళ్ళు, ఎన్ని మోటార్లు పోవుచున్నవో లెక్కింపవచ్చును. తరగతిలో ఎందరు ఎట్లు బడికి వచ్చుచున్నారో, ఇంటికిని బడికిని ఎంత దూరమో పట్టిక వేయవచ్చును. కొత్త దారి పడిన నాడు అదే లెక్క మరల తీసి పోల్చవచ్చును. మొదటి సంవత్సరము మార్పు కనబడకున్న నిరుత్సాహపడక రెండవ సంవత్సరమును చూడవచ్చును. దర్జీ లెక్కలనుండియే సత్యమును వెలికితీసిన మోరిస్ పద్ధతి ఇదియే.

బాట వేసినంతనే ఆరోగ్యము రాదని స్టీవెనేజ్ చెప్పినది. ఒక్క బాట చాలదని టిల్బర్గు చెప్పినది. ఓపిక పట్టిన ఫలము కలదని కార్డిఫ్, కెనిల్‌వర్తు, సౌతాంప్టను చెప్పినవి. ఎండదేశమునను సాధ్యమని సెవిల్ చెప్పినది. ఇవన్నియు కలిపి చూచిన, ఆరోగ్యమును వైద్యశాలలోనే గాక వీథులలోను నిర్మింపవచ్చునని తేలుచున్నది. బిడ్డను భయము లేక సైకిలుమీద బడికి పంపగల వీథి ఏ ఊరిలో కలదో, ఆ ఊరు పెద్దల గుండెలను కూడ కాపాడుకొనుచున్నదని గ్రహింపవలెను.